కార్పొరేషన్ కట్టెల మీద ఎల్లయ్య పడుగు

మొన్న చుట్టాల పెళ్ళికి సోలాపూర్ వెళ్ళినప్పుడు మా అనసూయక్కతో కలిసి అశోక్ చౌక్ నుంచి ఇంటికి నడిచి వస్తున్నాను. రోడ్డు పక్కన ఏదో పైపు కోసం గుంత తవ్వుతున్నారు. అక్క రిటైరై చాలా కాలమైంది. మోకాళ్ళ నొప్పులు, చేతిలో పెళ్ళివారిచ్చిన కొబ్బరికాయ సంచి, పైన మండే ఎండ. అయినా ఆగింది. గుంత అంచున నిలబడి తొంగి చూసింది. పక్కన కుప్ప పోసిన ఇసుక గుప్పెడు తీసి అరచేతిలో నలిపి, చేతికి అంటిన మట్టిని అక్కడి మేస్త్రీకి చూపించి మరాఠీలో ఏదో అడిగింది. అతను ముందు విసుక్కున్నాడు, తర్వాత ఎందుకో లేచి నిలబడి, "మీరెవరు బాయీ?" అన్నాడు. "నేనెవ్వర్ని గాను. ముందు ఇసుక కడుగు," అని అక్క నడక సాగించింది. నాకు నవ్వాగలేదు. పెళ్ళిలో తిన్న బూందీ కంటే ఆ మాట నాకు తియ్యగా అనిపించింది. ఇంటికి చేరేలోపే పాత రోజులన్నీ వరుసగా గుర్తుకొచ్చాయి.

అప్పుడు మేము జోడ్‌భావి పేటలో ఒక సన్నటి గల్లీలో ఉండేవాళ్ళం. మా తాతల కాలంలో తెలంగాణ నుంచి నడిచి వచ్చిన మగ్గం వాళ్ళమే గల్లీ అంతా. ఇంట్లో తెలుగు, వాకిట్లో మరాఠీ, బజారులో హిందీ; ఒక్కోసారి మూడూ ఒకే మాటలో. మా ఇంటి లోపల ఒక వాసన, బయట ఒక వాసన. లోపల అవ్వ, అంటే మా అమ్మ, బీడీలకని తడిగుడ్డలో చుట్టి పెట్టిన తునికాకు, తంబాకు. బయట వాకిట్లో నూలుకు పట్టించే గంజి. అవ్వ పొద్దున్నే జొన్నరొట్టెలు కొట్టి, పల్లీల కారం దంచి పెట్టి, ఇంక చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేది కాదు. మాట్లాడుతూనే ఉండేది, తిడుతూనే ఉండేది, చేతులు మాత్రం వేరే మనిషివన్నట్టు ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పడేసేవి. బాపుది, అంటే మా నాన్నది, గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు వేలాడేసి కూర్చుని నేసేవాడు. గల్లీలో చాలామంది పవర్‌లూములకు మారిపోయినా బాపు, ఎదురింటి ఎల్లయ్య కాక, ఇంకా కొందరు గుంతలు వదల్లేదు. వానొచ్చిందంటే ఆ గుంతల్లోకి గల్లీ నీళ్ళన్నీ దిగేవి. బాపు కాళ్ళు పైకి మడుచుకుని చెంబుతో నీళ్ళు తోడి బయటికి పోసేవాడు. పోసిన నీళ్ళు ఎల్లయ్య కాక గుంతలోకి వెళ్ళేవి. అతను తోడి ఇటు పోసేవాడు. వానాకాలమంతా ఇద్దరికీ మాటలుండేవి కావు.

అక్క ఓవర్సీర్ చదువు చదవాలని ఎందుకనుకుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. బహుశా ఆ చెంబు చూసే కావచ్చు, ఎప్పుడడిగినా చెప్పలేదు. పదో తరగతిలో లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. అంతదాకా తెలుగు బడి. పాలిటెక్నిక్‌లో పుస్తకాలు ఇంగ్లీషు, పంతుళ్ళ మాట మరాఠీ. సివిల్ డిప్లమో క్లాసులో ఆడపిల్ల తానొక్కతే. గొలుసు పట్టి నేల కొలవడం, మూడుకాళ్ళ స్టాండు మీద లెవెల్ యంత్రం నిలబెట్టి ఎత్తుపల్లాలు చూడటం, నల్ల సిరాతో నక్షా గీయడం, సిమెంటులో ఇసుక ఎంత, నీళ్ళెంత అని చెప్పడం, ఇవీ నేర్చుకున్నది. చదువు ఇంట్లోకి కూడా వచ్చింది. గాజు గ్లాసులో ఇసుక, నీళ్ళు పోసి గిలకొట్టి అటక మీద పెట్టేది, మట్టి ఎంత పేరుకుందో తెల్లారి చూడటానికి. బాపు అది మందు అనుకుని ఒకసారి తాగబోయాడు. రెండు ఇటుకలు తెచ్చి ఒకదానితో ఒకటి కొట్టి చెవి పెట్టి వినేది. "గంట మోగితె మంచి ఇటుక," అనేది. "నా నెత్తి మీద కొట్టు, అది గూడ మోగుతది," అనేది అవ్వ.

ఉద్యోగానికి పిలిచినప్పుడు కార్పొరేషన్ వాళ్ళు డిప్లమో చూశారు, మరాఠీలో ఒక పేజీ రాయించారు, లెవెల్ యంత్రం పెట్టి చూపించమన్నారు. ఆ తర్వాత మూడు ప్రశ్నలడిగారట. మ్యాన్‌హోల్లోకి దిగుతావా? నీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎక్కుతావా? సైకిల్ వస్తుందా? మూడింటికీ ఔననే చెప్పింది. మూడోది అప్పటికి రాదు. ఆ సాయంత్రమే నా సైకిల్ తీసుకుని మిల్లు మైదానానికి వెళ్ళింది. చీర అంచు చైనులో పడి, మోచేయి చెక్కుకుపోయి, నల్లగా గ్రీసు పూసుకుని తిరిగొచ్చి, "వచ్చింది," అంది. అయితే ఉద్యోగం టెంపరరీ. కొంతకాలం పని చూసి, పై సాహెబ్ బాగుందని సంతకం పెడితే పర్మనెంట్. లేకపోతే ఇంటికి.

ఇంటికొస్తే ఏం జరుగుతుందో అవ్వ ముందే తేల్చి పెట్టింది. మాలో బీడీ కంపెనీ కార్డు అంటే ఆస్తి. కార్డు మీద పేరుంటే ఆకు, తంబాకు దొరుకుతాయి, కంపెనీ దవాఖాన ఉంటుంది, ముసలితనంలో ఫండు వస్తుంది. తల్లి కార్డు కూతురికో కోడలికో రావడం గల్లీలో ఆచారం. అవ్వకు చూపు మందగిస్తోంది. "నీ సాహెబ్ సంతకం పెడితే మంచిదే పోరీ. పెట్టకపోతే దసరాకు కార్డు నీ పేరు మీద. మల్ల నాకు తిప్పలు పెట్టొద్దు," అనేది. అక్క చేట ఎదురుగా ఎన్నడూ కూర్చునేది కాదు, గోడ పక్క నుంచి తప్పుకుని పోయేది.

అక్కకు మొదట అప్పజెప్పిన పని మా గల్లీదే, మురుగు కాల్వ. ఎవరి ఇంటి ముందు ఎత్తు, ఎవరి ముందు పల్లం అని గల్లీలో ఎప్పుడూ తగువే కాబట్టి పాత ఓవర్సీర్లు ఎవరూ ఒప్పుకోలేదట. అక్క సంతోషంగా తీసుకుంది. గఫూర్ చాచా అని కార్పొరేషన్‌లో నెత్తి నెరిసిన మనిషి, అంకెలు రాసిన పొడవాటి కొలకర్ర పట్టుకునేవాడు. అక్క యంత్రంలో కన్ను పెడితే, చాచా కర్ర నిలబెట్టేవాడు. బడి మెట్టు రాయి మీద చెక్కిన గుర్తు నుంచి మొదలుపెట్టి గల్లీ చివరి దాకా కొలిచారు. తర్వాత కట్టెలు పాతించారు. దీని సంగతి కొంచెం చెప్పాలి. కాల్వ అడుగు సరైన వాలులో రావాలంటే, తవ్వడానికి ముందే గల్లీ పొడవునా అక్కడక్కడా రెండేసి గుంజలు పాతి వాటికి అడ్డంగా ఒక పట్టె కొడతారు. ప్రతి పట్టె నుంచి కాల్వ అడుగుకు ఒకే లోతు. పట్టెల వరుస ఎటు వాలితే కాల్వ అటే వాలుతుంది. తవ్వేవాళ్ళు ఈ పట్టెల మీదుగా చూసుకుంటూ లోతు తవ్వుతారు. మా గల్లీ నేల, నీళ్ళు పోవాల్సిన దిగువ చివర కొంచెం పైకి లేచి ఉంటుంది, అందుకే ఎగువన పట్టె ఛాతీ ఎత్తులో ఉంటే, దిగువన మోకాలి దగ్గర ఉంది. మర్నాడు సాహెబ్ వచ్చి చూసి సరే అంటే తవ్వకం మొదలు.

అప్పటికి నేను ఒక చిన్న ప్రెస్సులో సాయంత్రపు ప్రూఫులు దిద్దేవాణ్ణి, పొద్దున ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఆ మర్నాడు గంజి వాసన ఎప్పటికంటే గట్టిగా ఇంట్లోకే వచ్చింది. బయటికి వస్తే గల్లీ నిండా పసుపు పచ్చటి పడుగు. గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు, అక్క పాతించిన పట్టెల మీద పరిచిన నూలు. ఎల్లయ్య కాక, అతని తమ్ముడు చెరో వైపు నిలబడి పెద్ద కుంచెతో గంజి పట్టిస్తూ దువ్వుతున్నారు. మాకు పడుగు సాగదీయడానికి గుంజలు, అడ్డపట్టెలే కావాలి. నేతగాళ్ళ కంటికి కార్పొరేషన్ కట్టెలు అచ్చం అవే. అక్క టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది.

"ఏంది కాకా ఇది?"

"ఏందంటవేందే బిడ్డా! నువ్వు వేయించినయే గద. మన పోరి కార్పొరేషన్‌ల చేరంగనే గల్లీకి పడుగు స్టాండులు వేయించిందని నిన్నటి సంది అందరికి చెప్తున్న. ఎంత మందం కట్టె! మా పాతవి చెదలు పట్టినయి."

"గవి పడుగుకు గావు కాకా…"

"ఇంకో ముచ్చట ఇను. నీ మనుషులు పని మంచిగ చెయ్యలే. ఆ చివర పట్టెలు మోకాలికాడ కొట్టిపోయిన్రు, అంత వంకర తిర్కా. సాహెబ్ చూస్తె నిన్ను తిడ్తడని, నేనే మొలలు పీకి, దారం పట్టి అన్ని బరాబర్ చేసి కొట్టిన. ఇప్పుడు చూడు, ఎట్లుంది!"

అక్క వంగి ఒక పట్టె మీద కన్ను పెట్టి చూసింది. నేనూ చూశాను. గల్లీ పొడవునా వరుస అణువంత తేడా లేదు. బల్ల పరిచినట్టుంది. అక్క నెమ్మదిగా గడప మీద కూర్చుంది. బీడీలు చుడుతూ అంతా చూస్తున్న పక్కింటి రాజవ్వ పెద్దమ్మ, "సమానంగ ఉన్నదానికి మొఖం గట్ల పెట్టుకున్నవేందే?" అంది.

"సమానంగ ఉంటె ఎటు పోవాల్నో నీళ్ళకు ఎట్ల తెలుస్తది పెద్దమ్మా?" అంది అక్క.

అప్పుడు అర్థమైంది ఎల్లయ్య కాకకు. మొహం పాలిపోయింది. "తీసేస్తనే బిడ్డా, ఇప్పుడే తీసేస్త," అని పడుగు మీదికి చేతులు చాపాడు. అక్క ఒక్క అరుపు అరిచింది. "ముట్టకు కాకా! పచ్చి గంజి!" నేతింటి పిల్లకు తెలియనిదేం కాదు. తడి మీద పడుగు ఎత్తితే పోగు పోగుకూ అంటుకుని తాడైపోతుంది. నెల పని, షావుకారు నూలు, అన్నీ పోతాయి. ఎండకు ఆరాల్సిందే. అప్పటికే పలుగులు, పారలు పట్టుకుని కూలీలు వచ్చారు, వాళ్ళ వెనకే సాహెబ్ స్కూటర్.

సాహెబ్ గట్టి మనిషి, నవ్వు తక్కువ. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. మరాఠీ తప్ప మాట్లాడడు. స్కూటర్ దిగి, పసుపు పడుగు వైపు, దాని కింద తన కార్పొరేషన్ కట్టెల వైపు చూసి, "హే కాయ్?" అన్నాడు. ఇదేమిటని. గఫూర్ చాచా గొంతు సవరించుకుని, "సాబ్, శాదీ కా మండప్ సమఝో. ఘంటే భర్ మే నికల్ జాయేగా," అన్నాడు, పెళ్ళి పందిరి అనుకోమని, గంటలో పోతుందని. సాహెబ్ నవ్వలేదు. వెంటనే తీయించమన్నాడు. అక్క లేచి నిలబడింది. మరాఠీలోనే చెప్పింది: పడుగు ఇప్పుడు తీస్తే ఒక ఇల్లు నెలంతా పస్తుంటుంది. తవ్వకం గంట ఆలస్యమైతే ఎవరికీ ఏమీ కాదు. పట్టెలు మారిపోయాయి, దాచను. పడుగు ఆరేలోపు బడి మెట్టు నుంచి మళ్ళీ లెవెల్ తీస్తాను, మీ ముందే. ఆలస్యానికి బాధ్యత నాది.

"నీ ఉద్యోగం ఇంకా టెంపరరీ. గుర్తుందా?" అన్నాడు సాహెబ్.

"ఉంది సాహెబ్."

సాహెబ్ పోయి ఎల్లయ్య కాక ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఎవరో చాయ్ తెచ్చారు. అక్క కొంగు బిగించి యంత్రం నిలబెట్టింది. చాచా కర్రతో మెట్టు రాయి దగ్గరికి పోయాడు. గల్లీకి గల్లీ అంతా పని మానుకుని చుట్టూ చేరింది. మగ్గాల చప్పుడు ఆగిపోయి, అక్క కేక, చాచా కేక మాత్రమే వినిపించాయి. పడుగు ఆరింది. కాక, తమ్ముడు దాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి చుట్టుకుని పోయారు. ఆ తర్వాత మొలలు పీకి మళ్ళీ కొట్టే పని ఎల్లయ్య కాకే చేస్తానని పట్టుబట్టాడు.

"కిందికి కాకా. ఇంక కిందికి."

"అయ్యో బిడ్డా, మల్ల తిర్కా అయితుంది. చూడనీకి బాగుండదు."

"చూడనీకి గాదు కాకా, పారనీకి."

అంతా అయ్యాక సాహెబ్ లేచి, యంత్రంలో తానే కన్ను పెట్టి ఒక్కో పట్టె చూశాడు. తల ఊపాడో, మెడ సవరించుకున్నాడో తెలియలేదు. "తవ్వుకోండి. కట్టెలు చూసి నేను సంతకం పెట్టను. కాల్వలో నీళ్ళు పారినాక పెడతాను," అని స్కూటర్ ఎక్కాడు.

కాల్వ కట్టినన్నాళ్ళూ అక్క దాని పక్కనే ఉంది. అడుగున నిలువునా సగం చేసిన గొట్టాలు పరిచి, రెండు పక్కలా ఇటుక కట్టారు. మేస్త్రీలు మొదట్లో వెక్కిరించారు, తర్వాత 'ఓవర్సీర్ బాయి వస్తోంది' అంటే తాపీ కడుక్కుని పెట్టుకునేవారు. కాల్వ పూర్తయ్యేసరికి నడి ఎండాకాలం. సాహెబ్ చూడటానికి వస్తానన్న రోజు మా గల్లీకి నల్లా రాని రోజు. పోయడానికి ట్యాంకరు పంపుతామన్న ఆఫీసు వాళ్ళు, ఎక్కడో తాగునీళ్ళకు కావలసి వచ్చిందని అటు పంపేశారు. సాహెబ్ స్కూటర్ మీద వచ్చి నిలబడ్డాడు. అక్క ఖాళీ కాల్వ పక్కన ఖాళీ చేతులతో నిలబడింది. మా ఊళ్ళో ఎండాకాలం నీళ్ళంటే ఏమిటో మా ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. బిందె కోసం జుట్టు జుట్టు పట్టుకున్న అక్కచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. "ఇంకో రోజు చూద్దాం," అని సాహెబ్ వాచీ చూసుకున్నాడు. ఇంకో రోజంటే ఎప్పుడో, అప్పటిదాకా టెంపరరీ గడువు ఉంటుందో లేదో అక్కకు తెలుసు.

అప్పుడు మా అవ్వ చేట పక్కన పెట్టింది. పొద్దుగూకకముందే ఆమె చేట దించడం నేను చూసింది బహుశా అదొక్కసారే. లోపలికి పోయి తాగునీళ్ళ బిందె నడుముకెత్తుకుని వచ్చి, ఎగువ చివర నిలబడి, "చూస్తరేందే! తెండి!" అని గల్లీనంతా ఒక్క కేక వేసి, బిందె కాల్వలో గుమ్మరించింది. దాని వెనక రాజవ్వ పెద్దమ్మ, ఆ వెనక ఇంకొకరు. ఎల్లయ్య కాక నూలుకు రంగులద్దగా మిగిలిన ఎర్రనీళ్ళ గంగాళం తమ్ముడితో మోసుకొచ్చి, "మంచిగ కనబడాలె," అని అందులోనే పోశాడు. ఎర్రటి నీళ్ళు కదిలాయి. పిల్లలు, పెద్దలు, అరుగుల మీది ముసలివాళ్ళు అందరం వాటి పక్కనే నడిచాం. నీళ్ళు మా ఇల్లు దాటాయి, ఎల్లయ్య కాక ఇల్లు దాటాయి. రాజవ్వ ఇంటి ముందుకు వచ్చి ఆగిపోయాయి.

అక్క మొహంలో రక్తం లేదు. నీళ్ళు అక్కడే మెల్లగా పొంగుతున్నాయి. సాహెబ్ కళ్ళద్దాలు సర్దుకుని వంగాడు. అక్క ఒక్క క్షణం చూసి, మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతి దాకా ఎర్రనీళ్ళలో చెయ్యి పెట్టి గుప్పెడు బయటికి తీసింది. కత్తిరించి పారేసిన తునికాకు తుక్కు.

"పెద్దమ్మా! కాల్వ సిమెంటు ఎండకముందే తుక్కుతోని నింపినవా?"

"నేనేం నింపిన్నే! గాలికి పోయింది," అంది రాజవ్వ. "గాలికి గీంత పోతదా!" అని గల్లీ అంతా అరిచింది. ఈ గొడవలో ఎవరూ కాల్వ వైపు చూడలేదు. చూసేసరికి నీళ్ళు లేవు. దిగువ చివర నుంచి గఫూర్ చాచా కేక మాత్రం వినిపించింది: "ఆ గయా! లాల్ లాల్ ఆ గయా!"

సాహెబ్ చివరిదాకా నడిచి పెద్ద మురుగులోకి దూకుతున్న ఎర్రనీళ్ళు చూశాడు. జేబులోంచి ఒక పెన్ను తీశాడు, రాయలేదు, రెండోది తీశాడు. స్కూటర్ సీటు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. వెళ్తూ వెళ్తూ రాజవ్వతో, ఆకు తుక్కు కాల్వలో వేస్తే జరిమానా అని చెప్పాడు. ఆ రోజు మా ఇంట్లో తాగడానికి నీళ్ళు లేవు. ఎల్లయ్య కాక ఇంటి నుంచి చెంబు వచ్చింది. ఆ వానాకాలం ఇద్దరి గుంతలూ పొడిగానే ఉన్నాయి. దసరాకు అవ్వ తన కార్డు మా చిన్నమ్మ కోడలి పేరు మీద పెట్టించింది.

ఇప్పుడు గల్లీ నిండా సిమెంటు. కాల్వ నేల కిందికి పోయి చాలా ఏళ్ళయింది. పవర్‌లూములు ఊరి బయటికి పోయాయి, గుంతలు పూడ్చి పైన టైల్స్ పరిచారు. పొద్దున గంజి వాసన రాదు, పసుపు పడుగు కింద నుంచి వంగి బడికి పోయే పిల్లలు లేరు. అప్పుడు గల్లీలో ఏం జరిగినా అందరికీ తెలిసేది, నీళ్ళెటు పోతాయో కూడా. అది మంచిదే అనుకునేవాణ్ణి. అయితే అందరికీ తెలియడమంటే అందరి కాళ్ళూ తడవడం కూడానని ఇప్పుడు అనిపిస్తుంది. పెళ్ళి మర్నాడు పెద్ద వాన పడింది. వెలిశాక నేను, అక్క గల్లీలోకి వచ్చాం. నేల అప్పుడే ఆరిపోతోంది. ఎల్లయ్య కాక మనవడి భార్య వాకిలి ఊడుస్తోంది. ఊరికే అడిగాను, "ఇంత వాన పడ్డది, నీళ్ళన్ని ఎటు పోతయమ్మా?" అని.

ఆమె చీపురు ఆపి, అడగకూడనిదేదో అడిగినట్టు నన్ను చూసింది. "ఏమో కాకా, ఎవలకు తెల్సు? పోతయి," అంది.

నేను అక్క వైపు చూశాను. ఆమె మొహమంతా నవ్వే.